చిత్రంలోని చిట్టెలుక ఆడదా, మగదా?

శాస్త్ర పత్రికలలో ఈనాడు తరచుగా కనిపించే చిత్రం ఒకటి ఉన్నది. చిట్టెలుక శరీరం నీడవలె బూడిద రంగులో ఉంటుంది. అందులో మెదడు, గుండె, మూత్రాశయం ఎరుపు, పసుపు రంగులలో వెలుగుతూ ఉంటవి. చిత్రం క్రింద, ఎక్కించిన పదార్థం పేరు, మోతాదు, ఎంతసేపటికి చిత్రం తీసినదీ వ్రాసి ఉంటుంది. ఆ చిట్టెలుక ఆడదో మగదో మాత్రం చాలా చిత్రాల క్రింద ఉండదు. వ్యాసంలో ప్రయోగ పద్ధతిని వివరించే భాగం వెదికితే ఒక్కొక్కప్పుడు దొరుకుతుంది. ఒక్కొక్కప్పుడు అక్కడా దొరకదు. దొరికినచోట ఎక్కువగా కనిపించే మాట ‘మగ’ అన్నదే.

ఇది వ్రాతలో జారిపోయిన చిన్న వివరం కాదు. మందులను మనుష్యులకు ఇవ్వడానికి ముందు జంతువులపై జరిపే పరిశోధనలలో ఈ చిత్రాల ప్రాముఖ్యం గత ముప్పై ఏళ్ళలో చాలా పెరిగింది. మందు మెదడులోకి చేరుతున్నదా, ఎంతసేపు నిలుస్తున్నది, కణితి కరుగుతున్నదా పెరుగుతున్నదా, వాపు ఏ భాగంలో ఉన్నది అనే ప్రశ్నలకు, జంతువును చంపి కోయకుండానే ఇవి జవాబు చెప్పగలవు. ఆ జవాబు జాతిలో సగాన్ని మాత్రమే చూసి చెప్పినదైతే ఆ సంగతి చదివేవారికి తెలియాలి గదా.

ఈ పద్ధతి ఎట్లా వచ్చినదో ముందు తెలుసుకోవడం మంచిది. అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో లూయీ సోకొలాఫ్, ఆయన సహచరులు, ఎలుక మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజును ఖర్చు చేస్తున్నదో కొలిచే మార్గాన్ని 1977లో వివరంగా ప్రకటించారు. మెదడుకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజు. దానిని పోలిన డీఆక్సీగ్లూకోజు అనే పదార్థంలో రేడియోధార్మిక కార్బనును చేర్చి రక్తంలోకి ఎక్కిస్తే, జీవకణాలు దానిని గ్లూకోజే అనుకొని లోపలికి తీసుకుంటవి. మొదటి రసాయన చర్య జరుగుతుంది, తరువాతది సాగదు. పదార్థం అక్కడే చిక్కుకొనిపోతుంది. ఎక్కువగా పనిచేసే భాగంలో ఎక్కువగా చిక్కుతుంది. ఈ పద్ధతిలో మెదడును పలుచని పొరలుగా కోసి ఎక్స్-రే ఫిల్ముపై ఉంచి చూడవలసి ఉంటుంది. కార్బనుకు బదులు ఫ్లోరిన్-18ని వాడితే కోయవలసిన పని లేదు. అది వెలువరించే పాజిట్రాను ఒక ఎలక్ట్రానుతో కలిసి నశించి, ఎదురెదురు దిశలలో రెండు గామా కిరణాలను పంపుతుంది. చుట్టూ అమర్చిన గ్రాహకాలు ఈ జంటలను పట్టుకొని, అవి పుట్టిన చోటును లెక్కగడతవి. పెట్ స్కాను అంటే ఇదే. ఫ్లోరిన్ గల ఈ గ్లూకోజును 1976లోనే మొదటిసారి మనుష్యులకు ఎక్కించి చూశారు. రక్తంలోని ఆక్సిజను మార్పులను ఎం.ఆర్.ఐ. చిత్రాలలో చూడవచ్చునని 1990లో సైజీ ఒగావా బృందం నిరూపించినది ఎలుకలలోనే. చిట్టెలుకకు సరిపోయే చిన్న పెట్ యంత్రాన్ని లాస్ ఏంజిలీస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సైమన్ చెర్రీ బృందం 1997లో ప్రకటించింది. యంత్రాలు ఇట్లా ఏటేటా సూక్ష్మమవుతూ వచ్చినవి. వాటిలో పడుకోబెట్టే జంతువు విషయంలో మాత్రం పాత అలవాటే సాగింది.

ఆ అలవాటు ఎంత గట్టిదో 2011లో అనలీజ్ బీరీ, ఇర్వింగ్ జుకర్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కవేసి చూపారు. జీవశాస్త్రంలోని పది శాఖలలో 2009లో వెలువడిన వ్యాసాలను వారు పరిశీలించారు. పదింటిలో ఎనిమిది శాఖలు మగ జంతువుల వైపే మొగ్గినవి. నాడీశాస్త్రం అందరికంటె ముందున్నది: ఆడ జంతువులను మాత్రమే వాడిన వ్యాసం ఒకటి ఉంటే, మగవాటిని మాత్రమే వాడినవి అయిదున్నర ఉన్నవి. జంతువుల మెదడు చిత్రాలు తీసేవారిలో ఎక్కువ మంది ఈ శాఖకు చెందినవారే.

ఎందుకిట్లా అని అడిగితే తరచుగా వచ్చే సమాధానం ఒకటే. పాడి ఉన్న ఇండ్లలో ‘ఆవు ఎదకు వచ్చింది’ అన్న మాట వినని పిల్లలుండరు. ఆడ ఎలుకకు, ఆడ చిట్టెలుకకు ఈ ఎద చక్రం నాలుగైదు రోజులకొకసారి తిరుగుతుంది. ఆ నాలుగైదు రోజులలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ అనే హార్మోనులు పెరుగుతూ తగ్గుతూ ఉంటవి. కాబట్టి ఆడ జంతువుల నుండి వచ్చే కొలతలు చెల్లాచెదరుగా ఉంటవనీ, చక్రంలోని ఒక్కొక్క దశకు ఒక్కొక్క గుంపును పెట్టవలసి వస్తుందనీ, ఖర్చు నాలుగింతలవుతుందనీ వాదం. మగవాటికి ఈ బాధ లేదట. వినడానికి ఇది సబబుగానే ఉన్నది. అందువల్లనే కాబోలు, దశాబ్దాల తరబడి దానిని ఎవరూ తూచి చూడలేదు.

తూచడానికి సాధనం లేకపోలేదు. న్యూయార్కులో చార్లెస్ స్టాకార్డు, జార్జి పాపనికొలా అనేవారు గినీ పందుల యోని నుండి కొద్దిగా ద్రవాన్ని తీసి, గాజు పలకపై పూసి, సూక్ష్మదర్శినితో చూసి, చక్రం ఏ దశలో ఉన్నదో చెప్పవచ్చునని 1917లోనే చూపారు. (ఈ పాపనికొలాయే తరువాత అదే మార్గాన స్త్రీలలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును పసిగట్టే పరీక్షను కనిపెట్టి లోకప్రసిద్ధుడైనాడు.) 1922లో లాంగ్, ఎవాన్స్ అనేవారు ఎలుకల చక్రాన్ని వివరంగా వర్ణించారు. అనగా ఎలుక ఏ దశలో ఉన్నదీ కొద్ది నిమిషాలలో చెప్పగల పరీక్ష, పెట్ యంత్రం పుట్టడానికి అర్ధశతాబ్దం ముందే ఉన్నది. కోట్ల విలువ చేసే యంత్రాన్నీ, దానికి తోడుగా రేడియోధార్మిక పదార్థం తయారుచేసే సైక్లోట్రానునూ సమకూర్చుకోగలిగినవారికి గాజు పలక భారమైనదంటే నమ్మడం కష్టం.

పైగా, ఈ రంగంలోనే దారి చూపినవారు ఉన్నారు. సోకొలాఫ్ సహరచయితగా ఉన్న 1985 నాటి ఒక వ్యాసంలో ఆడ ఎలుకల మెదడు గ్లూకోజు వాడకాన్ని ఎద చక్రంలోని దశలవారీగా కొలిచి, మగవాటితో పోల్చారు. మూలపురుషుడే చేసి చూపిన పనిని శిష్యపరంపర పట్టించుకోకపోవడం విచిత్రం.

చివరకు ఆ వాదాన్ని తూచినవారు బ్రయన్ ప్రెండర్‌గాస్టు, ఆయన సహచరులు. 2014లో వారు చిట్టెలుకలపై వచ్చిన 293 వ్యాసాలను తీసుకొని, వాటిలోని 9,932 కొలతలను పరిశీలించారు. ఆ ఆడ చిట్టెలుకలు ఎద చక్రంలో ఏ దశలో ఉన్నవో ఎవరూ చూడలేదు; ఎట్లా దొరికితే అట్లా వాడారు. వాదం నిజమైతే ఆడవాటి కొలతలు మగవాటికంటె ఎక్కువ చెదిరి ఉండాలి. అట్లా లేవు. ఏ లక్షణంలో చూసినా ఆడవి మగవాటికంటె ఎక్కువ చెదరలేదు. కొన్ని లక్షణాలలో మగవే ఎక్కువ చెదిరినవి. దీనికొక కారణం ఊహించవచ్చును. ఒకే పెట్టెలో నాలుగు మగ చిట్టెలుకలను ఉంచితే ఒకటి పెత్తనం చేస్తుంది, మిగిలినవి లొంగి ఉంటవి. పెత్తందారుకూ లొంగినవాటికీ హార్మోనులు ఒక్కటిగా ఉండవు. అదే పరిశీలనలో ఇంకొక సంగతి బయటపడింది: గుంపుగా ఉంచితే, ఆడవాటిలోనైనా మగవాటిలోనైనా, కొలతల చెదరు 37 శాతం పెరిగింది. అనగా, ఎద చక్రానికి భయపడి ఆడవాటిని వదిలివేసినవారు, అంతకంటె పెద్ద కారణమైన పెట్టెల అమరికను చూడనే లేదు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధిపతి ఫ్రాన్సిస్ కాలిన్స్, అక్కడి మహిళారోగ్య పరిశోధన విభాగాధిపతి జానైన్ క్లేటన్ కలిసి 2014 మే నెలలో ‘నేచర్’ పత్రికలో ఒక ప్రకటన చేశారు. కణాలపైనా, జంతువులపైనా జరిపే పరిశోధనలలో రెండు లింగాలకూ చోటు ఉండాలని దాని సారాంశం. 2016 జనవరి 25 నుండి అది నియమమైనది. ధనసహాయం కోరే శాస్త్రజ్ఞుడు, వెన్నెముక గల జంతువులపై పని చేసేటట్లయితే, లింగాన్ని లెక్కలోకి ఎట్లా తీసుకుంటాడో వ్రాయాలి; ఒకే లింగాన్ని వాడదలిస్తే గట్టి కారణం చూపాలి.

నియమం వలన ఏమి జరిగింది? బీరీ మరి ఇద్దరితో కలిసి 2009 నాటి లెక్కనే 2019 సంవత్సరానికి తిరిగి వేసి, 2020లో ప్రకటించింది. రెండు లింగాలనూ వాడిన వ్యాసాలు 28 శాతం నుండి 49 శాతానికి పెరిగినవి. ఇది మెచ్చుకోదగినదే. కాని తొమ్మిది శాఖలలో ఎనిమిదింటిలో, రెండింటినీ వాడినవారిలో ఫలితాలను లింగంవారీగా పరిశీలించినవారి పాలు పెరగలేదు. ఆడవాటినీ తెచ్చారు, మగవాటినీ తెచ్చారు, రెండింటినీ ఒకే కుప్పలో పోసి సగటు తీశారు. దరఖాస్తులో గడి నిండింది. ప్రశ్న అడగనే లేదు.

ఒక తప్పు నుండి తప్పించుకోబోయి రెండవ తప్పులో పడినవారూ ఉన్నారు. ఇది మొదటిదానికంటె ప్రమాదకరం, ఎందుకంటే చూడటానికి శాస్త్రీయంగా కనిపిస్తుంది. ఒక చిన్న లెక్కతో దీనిని విద్యార్థులు తేలికగా గ్రహించవచ్చును. ఒక మందు మెదడులోని వాపును తగ్గిస్తుందో లేదో పెట్ చిత్రాలతో కొలిచారనుకోండి. మగ చిట్టెలుకలలో వాపు 20 పాళ్ళు తగ్గింది. ఆడవాటిలో 14 పాళ్ళు తగ్గింది. ఒక్కొక్క కొలతలో అనిశ్చితి, అనగా సాంఖ్యక శాస్త్రంలో ప్రామాణిక దోషం అనబడేది, 9 పాళ్ళు. కొలత తన దోషానికి సుమారు రెండింతలు ఉంటే నిజమైన ఫలితంగా లెక్కించడం ఆనవాయితీ. 20ని 9తో భాగిస్తే 2.2, మగవాటిలో మందు పనిచేసినదన్నారు. 14ను 9తో భాగిస్తే 1.6, ఆడవాటిలో పనిచేయలేదన్నారు. వెంటనే ‘మందు మగవాటిలో మాత్రమే పనిచేయును’ అని శీర్షిక పెట్టారు. కాని అడగవలసిన ప్రశ్న వేరు. రెండు ఫలితాలకూ మధ్య తేడా ఎంత? ఆరు పాళ్ళు. ఆ తేడాకు దోషం ఎంత? 9 వర్గం, 9 వర్గం కూడి వర్గమూలం తీస్తే 12.7. తేడా తన దోషంలో సగమైనా లేదు! ఉన్నదని చెప్పడానికి ఏ ఆధారమూ లేని తేడాకు శీర్షిక కట్టారన్నమాట.

ఇది కల్పించి చెప్పిన ఉదాహరణే అయినా, ఈ తప్పు మాత్రం కల్పన కాదు. పేరుపడ్డ అయిదు పత్రికలలోని నాడీశాస్త్ర వ్యాసాలను 2011లో నీవెన్‌హూయిస్ అనే ఆయనా, సహచరులూ పరిశీలించారు. లింగభేదం గురించి అని కాదు, ఏ రెండు గుంపుల మధ్యనైనా ఇటువంటి పోలిక వచ్చిన వ్యాసాలను చూశారు. 157 వ్యాసాలలో ఈ తప్పుకు అవకాశం ఉన్నది. 78 సరిగా చేసినవి, 79 తప్పుగా చేసినవి. సగానికి సగం! లింగభేదాల విషయంలోనే ప్రత్యేకించి డోనా మేనీ, ఆమె సహచరురాలు 2021లో ప్రకటించిన పరిశీలన కూడా ఇదే చెబుతున్నది: ఆడవాటిలో ఒక విధంగా, మగవాటిలో ఒక విధంగా ఉన్నదని చాటిన వ్యాసాలలో చాలావరకు ఆ రెండింటినీ నేరుగా పోల్చి పరీక్షించనే లేదు.

చిత్రాలు తీసే రంగానికి ఈ బెడద మిగిలినవారికంటె ఎక్కువ. ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాలలో సగమైపోతుంది. కార్బన్-11 అయితే 20 నిమిషాలకే. పదార్థం తయారైన తరువాత పరుగు పందెమే. యంత్రంలో ఒకసారి పట్టే జంతువులు చాలా కొద్ది. కాబట్టి గుంపుకు అయిదారు చిట్టెలుకలతో పని ముగించడం ఈ రంగంలో వాడుక. అంత చిన్న గుంపులలో నిజమైన తేడాలు దాగిపోతవి, లేని తేడాలు తలెత్తుతవి.

ఇంతకంటె లోతైన చిక్కు కొలబద్దలోనే ఉన్నది. చాలా వ్యాసాలలో కణజాలంలోని రేడియోధార్మికతను ఉన్నదున్నట్లు చెప్పరు. ఎక్కించిన మోతాదు శరీరమంతటా సమంగా పరచుకొంటే గ్రాముకు ఎంత ఉంటుందో లెక్కించి, దానితో భాగించి చెబుతారు. మగ చిట్టెలుక 26 గ్రాములు, ఆడది 20 గ్రాములు తూగినవనుకోండి. రెండింటికీ 10 యూనిట్లు ఎక్కించారు. రెండింటి మెదడులోనూ గ్రాముకు సరిగా ఒక యూనిటు చొప్పున చేరింది. చిత్రం రంగులో తేడా ఉండదు. ఇప్పుడు బరువుతో లెక్కవేస్తే మగదానికి 2.6 వస్తుంది, ఆడదానికి 2.0 వస్తుంది. మగ మెదడు మూడు పదుల శాతం చురుకైనదని వ్రాయవచ్చును! ఈ అంకెలలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. పెద్ద శరీరంలో మోతాదు పలుచబడుతుంది కాబట్టి బరువును లెక్కలోకి తీసుకోవడంలో అర్థం ఉన్నది. అయితే, బరువులో కొవ్వు ఎంత? తెల్లని కొవ్వు గ్లూకోజును చాలా తక్కువ తీసుకుంటుంది. మెదడు నిజంగా ఎంత వాడుకున్నదో చెప్పాలంటే సోకొలాఫ్ చేసినట్లు రక్తంలో ఆ పదార్థం క్షణక్షణానికి ఎంత ఉన్నదో, గ్లూకోజు ఎంత ఉన్నదో కొలవాలి. ఒంట్లో రక్తమంతా కలిపినా సుమారు రెండు మిల్లీలీటర్లకు మించని చిట్టెలుకలో అది కష్టమైన పని. కష్టమైతే కష్టమని చెప్పి, బరువులూ, విడి అంకెలూ పట్టికలో ఇవ్వవచ్చును. అవి లేకుండా ‘ఆడవాటిలో గ్రహణం తక్కువ’ అని చెప్పే వ్యాసాన్ని నమ్మడానికి వీలులేదు.

వెచ్చదనం సంగతీ ఇటువంటిదే. ప్రయోగశాల గది మనిషికి హాయిగా ఉంటుంది, చిట్టెలుకకు చలి. దానికి ముప్పై డిగ్రీల దాపున ఉంటేనే హాయి. చలివేసిన చిట్టెలుకలో గోధుమ రంగు కొవ్వు మండి వేడిని పుట్టిస్తుంది, గ్లూకోజును ఎడాపెడా లాగుతుంది. జంతువును వెచ్చగా ఉంచడం, ఆకలితో ఉంచడం, మత్తు ఇవ్వడం అనే చిన్న పనులే పెట్ చిత్రాన్ని ఎంతగా మార్చివేస్తవో లాస్ ఏంజిలీస్ పరిశోధకులు 2006లో చూపారు. ఇక, వాసన తగలకూడదని మగవాటిని ప్రొద్దున, ఆడవాటిని మధ్యాహ్నం యంత్రంలోకి ఎక్కించారనుకోండి. చిన్న శరీరం త్వరగా చల్లబడుతుంది. ప్రొద్దుటినుండి మేత లేకుంటే ఆకలి పెరుగుతుంది. సాయంత్రానికి దొరికిన తేడా లింగానిదా, గడియారానిదా?

ఇన్ని లోపాలు చెప్పిన తరువాత బాగా చేసిన పనులను చెప్పకపోవడం న్యాయం కాదు. టొరాంటోలో జేసన్ లెర్క్ బృందం 2018లో ప్రకటించిన ఎం.ఆర్.ఐ. పరిశోధన చదువదగినది. వారు ఆడ, మగ చిట్టెలుక పిల్లలను పుట్టిన మూడవ రోజు నుండి పెద్దవయ్యే వరకు మళ్ళీ మళ్ళీ అవే జంతువులను చిత్రించారు. మగవాటిలో పెద్దవిగా ఉండే మెదడు భాగాలు ముందుగా, పసితనంలోనే బయటపడినవి. ఆడవాటిలో పెద్దవిగా ఉండేవి తరువాత కనబడినవి. పెద్ద జంతువులను మాత్రమే ఒకసారి చూసినవారికి ఈ వరుస తెలియదు. కోసి చూసేవారికి ఒకే జంతువు రెండవసారి దొరకదు. చిత్రణకు మాత్రమే సాధ్యమైన ప్రశ్నను ఎన్నుకోవడం ఈ వ్యాసంలోని గొప్ప.

మ్యూనిక్ పరిశోధకులు 2020లో ప్రకటించినది మరొకటి. మెదడులో మైక్రోగ్లియా అనే రక్షక కణాలు రెచ్చినప్పుడు వాటిలో పెరిగే ఒక ప్రోటీనును పెట్ చిత్రాలలో చూడవచ్చును. ఆల్జీమర్స్ వ్యాధిని పోలిన స్థితి గల చిట్టెలుకలలో దానిని కొలిచారు. అమిలాయిడ్ పేరుకునే జాతులలో ఆడ, మగవాటి మధ్య తేడా కనిపించింది. టౌ అనే ప్రోటీను చెడిన జాతిలో కనిపించలేదు. ‘ఉన్నది’ అన్నదానితో పాటు ‘ఇక్కడ లేదు’ అన్నదానిని కూడా శీర్షికలోనే వ్రాసినందుకు వారిని అభినందించాలి. ఇదే కణాల గురించి 2015లో జెఫ్రీ మోగిల్ తదితరులు తెలిపినది గుర్తుంచుకోదగినది. నరం దెబ్బతిన్న మగ చిట్టెలుకలలో నొప్పి మైక్రోగ్లియా వలన సాగుతున్నది. ఆ కణాలను అణచే మందులు ఆడవాటికి ఉపశమనం ఇవ్వలేదు, వాటిలో నొప్పికి తెల్ల రక్తకణాలలో ఒక రకమైన టి-కణాలు కారణమని తేలింది. అంతకు ముందు మగవాటిని మాత్రమే చూసి ‘నొప్పికి మూలం మైక్రోగ్లియా’ అని చెప్పినవారి ప్రయోగం తప్పు కాదు. వాక్యంలో ఒక మాట తక్కువైనది, అంతే.

అట్లాగని లింగభేదాన్ని కనుగొన్న ప్రతి వ్యాసానికీ హారతి పట్టవలసిన పని లేదు. మెదడులోని రెండు అర్ధభాగాలను కలిపే నాడీతంతువుల కట్ట ఆకారం స్త్రీ పురుషులలో వేరుగా ఉంటుందని 1982లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. దానికి ఆధారం పధ్నాలుగు మెదడులు: తొమ్మిది పురుషులవి, అయిదు స్త్రీలవి. ఆ వార్త లోకమంతా ప్రాకింది. స్త్రీల ఆలోచన ఇట్లా, పురుషుల ఆలోచన అట్లా అనే పుస్తకాలకు అది ఊతమైనది. 1997లో బిషప్, వాల్‌స్టెన్ అనేవారు 49 పరిశోధనలను కలిపి చూసి, అటువంటి తేడాకు ఆధారం లేదని తేల్చారు. ఆ తేల్చినది మాత్రం అంతగా ప్రాకలేదు.

ఈ ఉద్యమం వారు ఎప్పుడూ చెప్పే కథ ఒకటి ఉన్నది. జోల్పిడెం అనే నిద్రమందును రాత్రి 10 మిల్లీగ్రాములు తీసుకొన్నవారిలో, ఎనిమిది గంటల తరువాత కూడా కారు నడపడానికి ప్రమాదకరమైనంత మోతాదు రక్తంలో నిలిచినవారు స్త్రీలలో సుమారు 15 శాతం, పురుషులలో 3 శాతం. 2013 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణాధికారులు స్త్రీల మోతాదును సగానికి, 5 మిల్లీగ్రాములకు, తగ్గించమన్నారు. ఆడ జంతువులను వదిలివేసినందుకు ఇదే శిక్ష అని చాలామంది వ్రాశారు. ఇది సరిపోని ఉదాహరణ. ఈ తేడా మనుష్యులలో కొలిచి తెలుసుకొన్నది. ఎలుకల ప్రయోగాల వలన దాగినది కాదు. పైగా అంత తగ్గింపుకు ఆధారం చాలదని 2019లో ఔషధ శాస్త్రజ్ఞులు కొందరు వాదించారు. మంచి వాదానికి బలహీనమైన సాక్షిని పిలిస్తే వాదమే చెడుతుంది. మైక్రోగ్లియా వంటి గట్టి సాక్షి ఉండగా ఈ పిలుపు అనవసరం కూడా.

చివరకు మిగిలేది ఖర్చు. రెండు లింగాలంటే జంతువులు రెట్టింపు, స్కానులు రెట్టింపు అని యంత్రాల దగ్గర పనిచేసేవారి భయం. 2023లో నటాషా కార్ప్, ఆమె సహచరులు గణక యంత్రంపై వేలాది కల్పిత ప్రయోగాలు నడిపి దీనిని పరీక్షించారు. మందు పనిచేస్తుందా లేదా అన్నదే ప్రశ్న అయితే, అవే పన్నెండు జంతువులను ఆరు ఆడ, ఆరు మగగా పంచి, లింగాన్ని లెక్కలో చేర్చి పరిశీలిస్తే సామాన్యంగా శక్తి తగ్గదు. మందు ఒక లింగంలో మేలు, మరొకదానిలో కీడు చేసే సందర్భంలో మాత్రం తగ్గుతుంది. ‘రెండింటిలో మందు పని ఎంత తేడాగా ఉన్నది’ అని కచ్చితంగా కొలవదలిస్తే లెక్క వేరు. మందు ప్రభావాన్ని కొలిచినంత సూక్ష్మంగా ఆ తేడాను కొలవాలంటే నాలుగింతల జంతువులు కావాలి. ఈ రెండు ప్రశ్నలను కలగాపులగం చేసినందువల్లనే ఖర్చు వాదానికి ఇంత బలం వచ్చింది. మొదటి ప్రశ్నకు చిన్న ప్రయోగశాల కూడా జవాబు చెప్పగలదు. రెండవదానికి నాలుగైదు ప్రయోగశాలలు తమ చిత్రాలను కలుపుకోవాలి. అందుకు ఒక్కొక్క చిట్టెలుక అంకె, లింగం, బరువు, స్కాను చేసిన వేళ విడివిడిగా అచ్చుకావాలి. సగటులు మాత్రమే మిగిల్చిన వ్యాసాల నుండి తరువాతివారు ఏమీ తోడుకోలేరు.

ప్రోస్టేటు గ్రంథి కణితినీ, అండాశయపు కణితినీ చూసేవారికి ఒక లింగమే చాలును. వారిని రెండవదాని కోసం పీడించడం అర్థం లేని పని. వారు కూడా ‘మగ చిట్టెలుకలలో’, ‘ఆడ చిట్టెలుకలలో’ అనే ఒక్క మాటను చిత్రం క్రింద చేరిస్తే అచ్చుకు అదనంగా పట్టేది అరపంక్తి.